స్వభావోక్తిలో సన్మానపత్రం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, జూలైలో, నన్ను కోటబొమ్మాళి దగ్గరి ఒక హైస్కూలుకు తెలుగు స్కూల్ అసిస్టెంటుగా వేశారు. భాషా పండితుడిగా చేరినవాడికి ఆ హోదా చివర్లో వచ్చింది. నాకిచ్చిన తొమ్మిదో తరగతి కొత్తగా కట్టిన గదిలో నడిచేది. ఆ గది స్లాబు మొదటి వానకే కారింది.

కట్టిన కాంట్రాక్టరు ఆ ఊరివాడే. పని ముగిశాక ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసి గదిని స్వాధీనం చేసుకోవాలి. ఆ సంతకం పడితే మరమ్మతు కాంట్రాక్టరు మెడ నుంచి జారి బడి మెడకు చుట్టుకుంటుంది. పంద్రాగస్టున ఇంజనీరు ఎదుట సంతకం, దానికి ముందు కాంట్రాక్టరుకు సన్మానం అని హెచ్చెమ్ నిర్ణయించారు. గది కారుతోందని రెండుసార్లు చెప్పాను. పైగా సన్మానపత్రం రాసే పని నాకే అప్పగించారు.

“పెద్ద వంశం మీది. కరుణాసముద్రుడు, కల్పవృక్షం, ఇలాంటివి నాలుగు పడాలి మాస్టారూ” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మా తాతగారిని కల్పవృక్షమని పద్యాలు చదివినవాళ్లే ఆయన పొలాలు, మేడ రాయించుకుపోయారు. నా దాకా ఒక పడక్కుర్చీ మిగిలింది. అతిశయోక్తి ఖరీదు ఎంతో మా ఇంటికి తెలుసు.

ఆ వారం పాఠం అలంకారాలే. నౌపడ ఉప్పుమళ్లు పిల్లలకు తెలుసు కనుక వాటితోనే చెప్పాను. ఉప్పు రాశి గోపురంలా ఉంది అని పోలిస్తే ఉపమ. అది ఉప్పు గోపురం అని రెంటినీ ఒకటి చేస్తే రూపకం. మబ్బులను తాకింది అని మించి చెబితే అతిశయోక్తి. ఎండకు ఉప్పు మెరుస్తోంది, మోసేవాళ్ల అరికాళ్లు పగిలి ఉన్నాయి అని ఉన్నది ఉన్నట్టు, కళ్లకు కట్టేలా చెబితే స్వభావోక్తి. ఈ చివరిదాన్ని అలంకారమంటే పిల్లలు ఒప్పుకోరు. అందులో చేసిందేముంది సార్ అంటారు.

అంతలో వాన వచ్చింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు లేచారు. నేను రాయవలసిన సన్మానపత్రం అక్కడే దొరికింది.

సభలో నేనే చదివాను. “తమరు కట్టిన గదిలో తొమ్మిదో తరగతి నడుస్తున్నది. వాన పడగానే పిల్లలు బెంచీలను ఉత్తరపు గోడకు జరుపుతారు. పుస్తకాలు ఒళ్లో దాచుకొని వంగి కూర్చుంటారు. వాన వెలిశాక నల్లబల్ల మీద అక్షరాలు ఉండవు. ఈ గదిని మాకు అందించిన తమరిని ఈ సభ గుర్తిస్తున్నది.”

కాంట్రాక్టరు శాలువాతోనే లేచాడు. “ఏటి మాస్టారూ, మీ తాత మేడ పోయిందని మా గది మీద పడతన్నారేటి?”

సభ నవ్వింది. మేడ పోయిన మాట నిజమే, అది కూడా స్వభావోక్తే అన్నాను. నవ్వు ఆగింది.

వెనక నుంచి మా తరగతి పిల్ల తల్లి, కాంట్రాక్టరుకు మరదలి వరస, గొంతెత్తింది. “బావా, శాలువా తర్వాత కప్పుకుందువు గానీ, ముందు గది సంగతి సూడు. మా పిల్ల పుస్తకం పేజీలు అంటుకుపోతన్నాయి. మాస్టారు సదివిందాంట్లో అబద్ధమేటున్నాది?”

ఇంజనీరు వేదిక దిగి గదిలోకి వెళ్లి, చెమ్మ మీద వేలు పెట్టి చూశాడు. ఆ రోజు సంతకం పడలేదు. దసరా సెలవుల్లో కాంట్రాక్టరే స్లాబు పైపొర కొట్టించి మళ్లీ వేయించాడు.

నాకు మాత్రం మెమో వచ్చింది. మెమో అంటే తప్పుకు సంజాయిషీ అడిగే కాగితం. నాది వ్యాజస్తుతి అని, అంటే పొగడ్త ముసుగులో తిట్టు అని హెచ్చెమ్ అందులో రాశారు. తిట్టిన వాక్యం ఏదో గీత గీసి చూపమని జవాబిచ్చాను. ఆయన గీయలేకపోయారు. నాతో మాట్లాడటం మానేశారు. నేనూ కదిలించలేదు.

పొగడ్తను ఎదుర్కోవడానికి తిట్టు అక్కర్లేదని ఆ ఉదంతం నాకు నేర్పింది. ఉన్నదాన్ని వరసగా, పైకి చదివితే చాలు. సంతకం పెట్టబోయేవాడు ఒకసారి తలెత్తి కప్పు వైపు చూస్తాడు.