బీడీ కాలేంతసేపు

మా మేస్త్రీ బీడీ తాగుతాడు. అందుకని మా ముఠాలో బీడీ తాగేవాళ్ళకే కూర్చునే హక్కు. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో మామిడికాయల ట్రేలు మోసే పని మాది. చెట్టు కింద నింపిన ట్రేని భుజాన వేసుకుని, దుక్కి గడ్డల మీద నడిచి, రోడ్డు పక్కన ఆగిన లారీకి ఎక్కించాలి. మధ్యలో ఎవడైనా ఆగితే "ఏంటయ్యా, అత్తారింటికొచ్చావా?" అని మేస్త్రీ కేకేసేవాడు. అదే బీడీ వెలిగిస్తే కిక్కురుమనడు. అది కాలేంతసేపు కూర్చోవచ్చు.

నేను చర్చికి వెళ్ళే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ అలవాటు లేదు. నా జోడీ మాత్రం మైలవరం వైపు నుంచి వచ్చే పెద్దాయన. బాబాయ్ అనేవాణ్ణి. ఆయన ఖాళీ ట్రే తిరగేసి కూర్చుని, కాళ్ళు బారజాపి, సగం కాల్చి ఆర్పేసి చెవి మీద పెట్టుకునేవాడు. కాసేపటికి ఆ ముక్కే మళ్ళీ వెలిగించేవాడు. ఒక్క బీడీకి రెండు విశ్రాంతులు! మనిషి మంచివాడే. అయినా నేను ట్రే మోస్తూ పోయేటప్పుడు ఆ చాపిన కాళ్ళు చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఆయనకి దగ్గొస్తే లోలోపల సంతోషించేవాణ్ణి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం.

ఒకరోజు ఎండకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇక ఓర్చుకోలేకపోయాను. మర్నాడు కిళ్ళీకొట్లో బీడీ కట్ట, అగ్గిపెట్టె కొన్నాను. పది ట్రేలు మోశాక దర్జాగా కూర్చుని వెలిగించాను. మేస్త్రీ చూసి నవ్వాడు. అబ్బ, ఆ కూర్చోవడం! ప్రాణం లేచొచ్చింది. పీల్చకుండా ఊరికే వేళ్ళ మధ్య పట్టుకున్నాను.

పీల్చకపోతే బీడీ ఆరిపోతుందని నాకేం తెలుసు?

"ఆరిందిగా, లే" అన్నాడు మేస్త్రీ. లేవబుద్ధి కాలేదు. రెండోది వెలిగించి గట్టిగా లాగాను. దగ్గు తెరలు తెరలుగా ముంచుకొచ్చింది. బీడీ చేతిలోంచి జారి, కాయలు పోయడానికి పరిచిన వరిగడ్డిలో పడింది. భగ్గుమంది. తాగడానికి తెచ్చిన డ్రమ్ము నీళ్ళన్నీ పోసి ఆర్పారు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందంట" అని మేస్త్రీ నా మీదికొచ్చాడు. తర్వాత అందరివైపూ తిరిగాడు. "ఇకనుంచి తోటలో అగ్గిపుల్ల కనబడకూడదు. కూర్చోవడాలూ లేవు."

సాయంత్రం దాకా ఎవరూ కూర్చోలేదు. లారీ దగ్గర బాబాయ్ నాకు ట్రే అందించాడు. తిడతాడనుకున్నాను.

"చర్చికెళ్ళేవాడివి, నీకెందుకురా ఈ బీడీ?" అన్నాడు.

"నువ్వు కూర్చుంటే చూడలేకపోయా బాబాయ్. కుళ్ళుకున్నా."

ఆయన నవ్వబోయాడు. దగ్గొచ్చింది. లారీని పట్టుకుని చాలాసేపు దగ్గాడు.

"నేనూ అలాగే మొదలెట్టానురా, నీ వయసులో," అన్నాడు. "కూర్చోవడానికే."

అని, ఇంకో ట్రే కోసం చెట్లవైపు నడిచాడు.