తమ్ముడి మెదడు అడిగిన రోజు

ఈ ఉదయం ల్యాబు తలుపు తీయగానే ఫార్మలిన్ వాసన గుప్పుమంది. ఎన్నేళ్లయినా ఆ వాసనకు నాకు రత్నం మేడమ్ గుర్తొస్తారు. విశాఖలో నాకు పరిశోధన నేర్పింది ఆవిడే. సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి డాక్టరైన మనిషి.

మెదడుకు కావలి కాసే మైక్రోగ్లియా కణాల మీద ఆవిడ పని. క్రిమి చొరబడితే అవి లేచి, దాని మీద పడి మంట పుట్టిస్తాయి. పని అయ్యాక కొన్ని చల్లబడతాయి, మరీ రేగిపోయినవి తమంతట తామే చచ్చిపోతాయి. అలా జరిగితేనే మెదడు బతుకుతుంది. “లేవడం వాటికి తేలికే. ఆగడమే కష్టం,” అనేవారు మేడమ్. ఆ ఆగడం ఎక్కడ తప్పుతోందో చూడాలంటే చనిపోయిన రోగుల మెదడు కావాలి. కుటుంబాలను ఆవిడే అడిగేవారు. కాదంటే కాసేపాగి మళ్లీ అడిగేవారు. పక్కన నిలబడిన నాకు అది పట్టుదలగానే కనిపించేది.

ఒక వర్షాకాలం ఆవిడ తమ్ముడు అప్పన్నకు మెదడువాపు వచ్చింది. పడవ మీద వేటకు వెళ్లే కుర్రాడు. వైరస్ పోయిందని పరీక్షల్లో తేలింది గానీ వాపు తగ్గలేదు, అతను కళ్లు తెరవలేదు. ఐసీయూ బయట నేల మీద కూర్చున్న తల్లి నూకాలమ్మ కూతుర్ని అడిగింది.

“రోగం పోనాదంతన్నావు. మరి పిల్లోడు లెగడేటే?”

మేడమ్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. “రోగంతో కొట్లాడినవే ఇప్పుడు ఆడి మెదడుని కాల్సేత్తన్నాయమ్మా. ఆపడం మాకు సేత కావట్లేదు.”

“ఇన్నేళ్లూ అదే కదే సదివినావు,” అంది తల్లి.

తర్వాతి వారం అప్పన్న పోయాడు. ఆ కణాలు ఎందుకు ఆగలేదో చెప్పగలిగేది ఇక అతని మెదడే. దాన్ని పరిశోధనకు ఇమ్మని, సగం సగం మాటల్లో, మేడమ్ తల్లిని అడిగారు. నూకాలమ్మ కూతురి ముఖంలోకి చూసింది.

“మీ నాన్నని సముద్రం అట్టుకుపోనాది. ఎముక ముక్క కూడా నాకు దొరకలేదు. ఈడినైనా మొత్తంగా ఇచ్చీయే.”

మళ్లీ అడుగుతారనే అనుకున్నాను. మేడమ్ తల ఊపి లోపలికి వెళ్లారు. గొట్టం కదలకుండా తమ్ముడి బుగ్గల మీద అంటించిన టేపులు ఒక్కొక్కటే తీసి, తడిబట్టతో ముఖం తుడిచారు. అంత్యక్రియలు ముగిశాక ల్యాబుకు వచ్చి మైక్రోస్కోపు ముందు ఊరికే కూర్చున్నారు. “కాదన్నవాళ్లని రెండోసారి అడిగినప్పుడు వాళ్లకి ఎలా ఉండేదో,” అన్నారు, నా వైపు చూడకుండా.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ కణాలు ఎందుకు ఆగవో మాకు ఇంకా పూర్తిగా తెలియదు. మొన్న దువ్వాడ నుంచి వచ్చిన ఒకామెను, ఆమె భర్త పోయిన కాసేపటికి, అదే మాట అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మంచినీళ్ల సీసా ఆమె చేతికిచ్చి, భర్తను బయటికి తెచ్చేదాకా పక్కనే కూర్చున్నాను.