రెండు గొడుగుల కోటు

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో వాన కోసం ప్రత్యేకంగా బట్టలు కొనుక్కోవాలన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. చినుకు పడితే దగ్గర్లో ఉన్న కొట్టు రేకుల కిందికి ఉరికేవాళ్లం, అక్కడ చేరినవాళ్లతో నాలుగు ముచ్చట్లు చెప్పుకునేవాళ్లం, తగ్గాక ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లం. పొలాల్లో ఉన్నవాళ్లు యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి నెత్తిన బోర్లించుకునేవారు. గొర్ల కాపరులకు గొంగడి ఉండనే ఉండేది. మిగతావాళ్లం తడిసేవాళ్లం, ఆరేవాళ్లం. అలాంటి ఊళ్లో, ఎనభైల చివర్లో, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నేను నాలుగు వందల గ్రాములకు మించని వాన కోటు కోసం మూడు ఊళ్లు తిరిగాను. (ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు. అప్పుడు చెప్పినా మా అమ్మ నమ్మలేదు.)

దీనికంతటికీ కారణం మా ఫిజిక్స్ సారు. జేబులో ఎప్పుడూ ఒక స్ప్రింగు త్రాసు పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి మేం ఆయన్ను తక్కెడ సారు అనేవాళ్లం. ఆ ఏడు వానాకాలంలో ఎనిమిది మంది పిల్లల్ని పడమటి కనుమల అడవుల్లో ఆరు రోజులు నడిపించుకొస్తానని ప్రిన్సిపాల్‌ను ఒప్పించాడు. ఆ ఎనిమిదిలో చివరి పేరు నాది. సారు మమ్మల్ని నిలబెట్టి, "ఎవని సంచి వాడే మోసుకోవాలె. ఏడు కిలోల మీద గ్రాము ఎక్కువున్నా ఒప్పుకోను. వాన కోటు నాలుగు వందల గ్రాముల లోపల ఉండాలె. పోయే ముందు ఐతారం నాడు అన్నీ తూకమేస్త. తేడా వచ్చినోడు ఇంట్ల పండుకుంటడు" అన్నాడు. ఆ నాలుగు వందల లెక్క ఏదో విదేశీ పత్రికలో చదివాడట. అడవి అంటే ఎలా ఉంటుందో నేను అప్పటిదాకా చూసింది లేదు. రైల్లో రాష్ట్రం దాటింది లేదు. పేరు వచ్చిన రోజు నుంచి నాకు నిద్రలో కూడా చెట్లే. ఇక జాబితాలో నా తర్వాత తొమ్మిదో పేరు మా కాలేజీ కబడ్డీ ఆటగాడిది. ఎనిమిది మందిలో ఎవరైనా తప్పుకుంటే వాడు వెళ్తాడు. వాడు రోజూ నా భుజం మీద చెయ్యేసి, "కోటు దొరికిందారా? దొరకలేదా? అయ్యో" అని ఎంత ఆప్యాయంగా పరామర్శించేవాడో!

మొదట సూర్యాపేట బజార్లోనే వెతికాను. ఒక దుకాణంలో సేటు పై అర నుంచి ముదురాకుపచ్చ రబ్బరు కోటొకటి దించి, దుమ్ము దులిపి నా చేతుల్లో పెట్టాడు. పసిపిల్లవాడంత బరువుంది. "గిది ఏసుకొని చెర్ల మునిగినా తడవవు" అన్నాడు. మునగడం మాత్రం ఖాయమని నాకు అర్థమైంది. అయినా చూసి తెస్తానని ఇంటికి పట్టుకొచ్చి తూకం వేస్తే రెండు కిలోల పైచిలుకు. తొడుక్కుని వాకిట్లో నాలుగడుగులు వేసేసరికి లారీ టైరులో దూరినట్టు వాసన. అమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తి, "వానల తడిస్తె ఆరతవు బిడ్డా. గిది మోసి నడుం ఇరగ్గొట్టుకుంటె ఎవలు అతికిస్తరు? ఇచ్చి రా పో" అంది. ఇచ్చి వచ్చాను.

తర్వాత కోదాడ వెళ్లాను. అక్కడ మా అక్కను ఇచ్చారు. బావకు హైవే పక్కన లారీలకు పట్టాలు కుట్టే షాపు ఉండేది. బావ నోట 'తెలియదు' అన్న మాట ఎవరూ వినలేదు. నేను సంగతి చెప్పడం పూర్తి కాకముందే, "ఓస్, ఇంతేనా బామ్మర్దీ! పన్నెండు చక్రాల లారీకే తొడుగు కుట్టినోణ్ణి, నీకు కుట్టలేనా?" అని పనిలోకి దిగిపోయాడు. మందపాటి ప్లాస్టిక్ షీటు తెచ్చి, దానిమీద వార్తాపత్రిక పరిచి, ఇస్త్రీ పెట్టెతో అంచులు కరిగించి అతికించాడు. కుట్టు అన్నదే లేదు. మధ్యాహ్నానికి అద్దంలా మెరిసే కోటు తయారైంది. మూడు వందల యాభై గ్రాములు. నన్ను షాపు ముందు నిలబెట్టి, మెడ దాకా బిగించి, అక్కను బిందెతో నీళ్లు పొయ్యమన్నాడు. అక్కకు చిన్నప్పటి కోపాలేవో గుర్తొచ్చినట్టున్నాయి, బిందె మీద బిందె పోసింది. టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగారు. అరగంట తర్వాత బావ గర్వంగా కోటు విప్పాడు. లోపల నా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

"ఎక్కడో కారిందే!" అంటూ బావ కోటు నలుమూలలా వెతికాడు. చిల్లి కనపడలేదు. చివరికి నా చొక్కా అంచు పిండి, ఆ చుక్క నాలుక మీద వేసుకుని, కాసేపు ఆలోచించి, "ఉప్పగా ఉందోయ్. ఇవి వాన నీళ్లు కావు, నీవే" అని తేల్చాడు. అక్క ఖాళీ బిందె చంకనెత్తుకుని, "అయితే మంచిదే గదా, మా తమ్ముడు వాన లేకున్నా తడుస్తడు" అని లోపలికి వెళ్లిపోయింది. డ్రైవర్లు ఎంత నవ్వారంటే, ఒకాయన టీ ఒలికి చొక్కా పాడుచేసుకున్నాడు.

సారు చెప్పిన ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాను, మా చిన్నమామ దగ్గరికి. మామ ఒక రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే కల్లానికి మేస్త్రీ. మబ్బు కనపడగానే కేకేసి వడ్ల మీద పట్టాలు కప్పించడం ఆయన పని. అందుకే, "వాన గురించి నాకు చెప్పకు అల్లుడా, నా నౌకరే మబ్బు సూసుడు" అనేవాడు. కోదాడ కథంతా విని, నవ్వకుండా, మూలనున్న తన నల్ల గొడుగు తెచ్చి నా ముందు టప్పున విప్పాడు. "సూడు. ఇది వాన ఆపుతదా? ఆపుతది. బరువుంటదా? ఉండది. దీనికి ఎన్నడన్న చెమట పట్టంగ సూసినవా?" అన్నాడు.

ఇద్దరం స్టేషను దారిలో గొడుగులు బాగుచేసే తాత దగ్గరికి వెళ్లాం. తాత నన్ను ఎగాదిగా చూసి, "ఒక్క ఛత్రి సాలదు పటేలా. ఈ పిలగానికి చేతులు గూడ ఉన్నయి గద" అన్నాడు. మామ సైకిలెక్కి ఇంటికి పోయి ఇంకో గొడుగు తెచ్చాడు. ఆ రెండో గొడుగు అత్తదని నాకు అప్పుడు తెలియదు. సాయంత్రం తుంపర మొదలై, "నా ఛత్రి ఏదయ్యా?" అని అత్త అడిగినప్పుడు తెలిసింది. మామ ఊచలు మాత్రమే మిగిలిన గొడుగును తెచ్చి చూపించి, "ఛత్రి ఏడికి పోలే, గీడనే ఉన్నది. బట్ట ఒక్కటే పోయింది" అన్నాడు. అత్త ఆయనతో మాట్లాడటం మానేసింది. అయినా నా కోటుకు గుండీలు కుట్టింది ఆవిడే. కుడుతూ, "ఆయనకైతే అకల్ లేదు. సదువుకున్నోనివి, నీకేమైంది అల్లుడు?" అని అడిగింది.

గొడుగు బట్టంటే త్రికోణపు ముక్కలుగా ఉంటుంది కదా, కోటు కూడా అలాగే వచ్చింది: భుజాల దగ్గర ఇరుకు, కింద గంపంత వెడల్పు. వేసుకుంటే వకీలులా ఉన్నానని మామ అన్నాడు. గబ్బిలంలా ఉన్నానని అత్త అంది. (మామతో కాదు, గోడతో.) ఒక్కటే ఇబ్బంది, సూది రంధ్రాల గుండా నీళ్లు దిగుతున్నాయి. మామ దానికీ ఉపాయం ఆలోచించాడు. సైకిల్ షాపు నుంచి పంక్చర్లు అతికించే సొల్యూషన్ తెచ్చి, కుట్లన్నిటికీ వేలితో దట్టంగా పూసి, మిల్లు కల్లంలో వడ్ల పక్కన ఒక రోజు ఆరబెట్టాడు. చుక్క దిగలేదు. చెమటా పట్టలేదు.

ఐతారం నాడు కాలేజీ వరండాలో తక్కెడ సారు కోటును కొక్కేనికి తగిలించి, త్రాసు కంటి దగ్గర పెట్టుకుని, "మూడు వందల ఎనభై!" అని అరిచాడు. "ఏడ కొన్నవ్‌రా?"

"కుట్టించిన సార్, మిర్యాలగూడల."

"సూడున్రి, దీన్నంటరు బుర్ర" అని అందరికీ చూపించాడు. కబడ్డీ వీరుడు ఆ రోజు నా భుజం మీద చెయ్యి వెయ్యకుండానే వెళ్లిపోయాడు.

ఇక అడవి. నా కోటును గుప్పెడంత చేసి సంచి అడుగున కుక్కి, దానిమీద మిగతా సామానంతా నొక్కి పెట్టాను. రైల్లో రెండు పగళ్లు ఆ సంచి మీద మేం వంతులవారీగా కూర్చున్నాం. నడక మొదలైన రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. అందరూ తలో కోటు తీస్తున్నారు. నేను తొందరపడలేదు. కాస్త పక్కకు నిలబడి, అందరూ నావైపు చూసేదాకా ఆగి, సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి దోసకాయంత నల్లటి ముద్ద వచ్చింది. సొల్యూషన్ వేడికి కరిగి, మడతకు మడత అతుక్కుపోయింది. లాగాను, రాలేదు. నేనొకవైపు, ఇద్దరు స్నేహితులు ఇంకోవైపు పట్టుకుని గుంజాం. పర్‌ర్‌ర్‌మని చప్పుడైంది. కోటు నా చేతిలో, కుడి చెయ్యి ఒకడి చేతిలో. వాళ్లు నవ్వీ నవ్వీ బురదలో కూలబడ్డారు. నేనూ నవ్వాననుకోండి. కానీ ఊచలు మిగిలిన గొడుగు పట్టుకుని నిలబడ్డ మామ కళ్లముందు కదిలాడు.

అంతలో సారు గొంతు చించుకుని అరిచాడు. మేం వంతులవారీగా మోస్తున్న తిండి సంచికి కప్పిన ప్లాస్టిక్ ముళ్లకు చీరిపోయింది. అందరి బియ్యం, పప్పు, అగ్గిపెట్టెలు అందులోనే ఉన్నాయి. అవి తడిస్తే నడక అక్కడికే ఖతం. నేను ఆలోచించలేదు. చేతిలో ఉన్న ఒంటి చేతి కోటును ఆ సంచికి చుట్టి, అంచులు గట్టిగా నొక్కాను. జిగురు ఇంకా చావలేదేమో, నొక్కిన చోటల్లా అతుక్కుంది. ఇక నాలుగు గంటలపాటు ఆ వానలో నడిచాం. కోటు ఉన్నవాడూ లేనివాడూ ఒకేలా తడిసిపోయాం. సారు హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న కోటులో నుంచి కూడా నీళ్లు ధారగా కారాయి. పొద్దు వాలేలోపు ఒక చిన్న బడి వరండా చేరి సంచి విప్పితే, లోపల అగ్గిపుల్ల మొదటి గీతకే వెలిగింది. పప్పన్నం ఉడికాక సారు గరిటె తీసుకుని, "ముందుగాల వీనికి పెట్టాలె" అంటూ నా పళ్లెంలో వడ్డించాడు. త్రాసు బయటికి తీయలేదు.

తిరిగొచ్చాక, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే మిర్యాలగూడ వెళ్లాను. కానీ నేను వస్తున్నానని తెలిసి మామ మిల్లు నుంచి నలుగుర్ని వెంటబెట్టుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. "చెప్పు అల్లుడా, తడిసినవా?" అన్నాడు. ఆ నలుగురి ముందు, ఆయన ముఖం చూసి, "సుక్క గూడ తడవలే మామా" అన్నాను. మామ వాళ్లవైపు తిరిగి మీసం ఒకసారి సవరించుకున్నాడు.

ఆ ఏడు మామ ఇల్లు చేరిన కొత్త గొడుగు ఒక్కటే, అది అత్తది. తనకు మాత్రం తాతతో అలాంటి కోటే కుట్టించుకున్నాడు. శ్రావణంలో నేను వాళ్లింట్లో ఉండగా జోరున వాన పట్టింది. మామ కోటు తొడుక్కుని, సైకిలెక్కి, మిల్లుకు బయల్దేరాడు. సందు మలుపు తిరిగే లోపలే వీపు మీద కోటు కుట్టు విడి, లోపలి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోవడం నాకూ అత్తకూ గుమ్మంలోంచి స్పష్టంగా కనిపిస్తోంది. అత్త తన గొడుగు చేతిలోనే ఉన్నా పిలవలేదు. "పిలుద్దునా?" అని నేనంటే, "వద్దులే అల్లుడు, ఎంత కుషీగ పోతున్నడో సూడు" అంది. పంతొమ్మిదేళ్ల నేను అప్పుడు నా అబద్ధం తలుచుకుని సిగ్గుతో తల దించుకున్నాను. ఇప్పుడా కుర్రాడు ఎదురైతే, తలెత్తి ఆ సైకిల్ సందు దాటేదాకా చూడమని చెబుతాను.