బార్‌కోడ్ మీద బొట్టు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కొత్తవాళ్లు కనబడితే ఎవరూ ఊరు అడిగేవారు కాదు, ఏం కోర్సు అని అడిగేవారు. నేను నాలుగు నెలలు జావా నేర్చుకుని, దానికి ఏమాత్రం సంబంధం లేని ఉద్యోగంలో బేగంపేటలో చేరాను. అయినా మా లేడీస్ హాస్టల్లో నా పేరు ‘కంప్యూటరమ్మాయి’. ఫ్యాను తిరగకపోయినా నన్నే పిలిచేవారు, గీజరు పనిచేయకపోయినా నన్నే పిలిచేవారు. ఆ పిలుపు ఎంత నచ్చేదంటే, వాటి గురించి నాకేమీ తెలియదన్న నిజం మాత్రం ఎన్నడూ బయటపెట్టలేదు. స్టూలెక్కి, ఫ్యాను వైపు కాసేపు గంభీరంగా చూసి, ఎలక్ట్రీషియన్‌ని పిలవమని సలహా ఇచ్చి దిగేదాన్ని.

ఇంతకీ నా ఉద్యోగం ఏమిటంటే, అమెరికాలో జనం ఏదైనా వస్తువు కొన్నప్పుడు దాని అట్టపెట్టె మీది బార్‌కోడ్ చీటీ (నల్లగీతలూ, కింద నంబరూ ఉంటాయే, అది) కత్తిరించి, బిల్లు జతచేసి, ఫారం నింపి పోస్టు చేస్తే, కొన్ని వారాలకి కంపెనీ కొంత డబ్బు వెనక్కి పంపేది. ఆ కాగితాల బొమ్మలు మా కంప్యూటర్లలోకి వచ్చేవి. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో మేం తేల్చాలి. జనానికి డబ్బు పంపించే పుణ్యకార్యం అనుకుని సంబరంగా చేరాను. వారం తిరక్కుండానే అసలు సంగతి తెలిసి నోరెళ్లబెట్టాను. మా పని పంపించడం కాదు, పంపకుండా ఉండటానికి కారణం వెతకడం. కారణాలు పద్నాలుగు, వరసగా అచ్చువేసి గోడకి అంటించారు. మా టీం లీడరు చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ స్కేలు ఉండేది. సంతకం గడి దాటిందేమోనని దాన్ని తెర మీద ఆనించి కొలిచేవాడు. అందుకే ఆయన మాకు స్కేలన్న.

మొదటి నెలలో ఒక పెద్దావిడ ఫారం వచ్చింది. రొట్టెలు కాల్చే మిషను కొనుక్కుంది. చీటీ మీద ఎర్రటి మరక ఉంది. పక్కన చిన్న ఉత్తరం కూడా పెట్టింది. పెట్టె విప్పుతుంటే మనవడు సాయం చేశాడనీ, వాడి చేతికి జాము ఉందనీ, నంబరు చదవడానికి ఇబ్బంది లేదు కదా అనీ రాసింది. నిజంగానే ఇబ్బంది లేదు. కాస్త తటపటాయించి స్కేలన్నని అడిగాను. ఆయన ఉత్తరం వైపు కూడా చూడలేదు.

“గీడ జూడు చెల్లె, చీటీ మీద మరకున్నది. మరకుంటే రిజెక్టు కొట్టుడే. ఉత్తరాలు మనం సదవొద్దు, గది మన పని గాదు.”

నేను ఆ మరక చుట్టూ మౌస్‌తో గుండ్రంగా గీత గీసి, తొమ్మిదో కారణం నొక్కాను. సాయంత్రం స్కేలన్న నా చూపు చురుకైనదని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుతో ఉబ్బిపోయి, బస్సులో నిలబడే చోటు లేకపోయినా హాయిగానే హాస్టల్ చేరాను.

అదే నెలలో హాస్టల్ మిక్సీ కాలిపోయింది. మా హాస్టల్ నడిపే ఆంటీది తెనాలి వైపు. చట్నీ లేని ఇడ్లీ పెట్టడం ఆవిడ దృష్టిలో ఆడపిల్లల్ని పస్తు పెట్టడంతో సమానం. శుక్రవారం మంచిదని, నన్ను వెంటబెట్టుకుని పంజాగుట్టలో ఒక దుకాణానికి వెళ్లింది. ఆవిడ చూపు చిన్న మిక్సీ మీద ఉంటే, సేల్స్‌మన్ చూపు పెద్దదాని మీద ఉంది. “మూడు జార్లు మేడం, మస్తు నడుస్తది. పైంగ స్కీం ఉన్నది, చీటీ కత్తిరించి కంపెనీకి పోస్టుల పంపిన్రంటే అయిదొందలు వాపస్ వస్తయ్,” అన్నాడు. ఆంటీకి కాగితాల మీద వచ్చే డబ్బంటే నమ్మకం లేదు. నా వైపు తిరిగింది.

“ఏంటమ్మాయ్, నిజంగా పంపిస్తారంటావా? నువ్వు చేసేది ఆ పనేగా.”

“తప్పకుండా పంపిస్తారు ఆంటీ. నాదీ పూచీ,” అన్నాను. పద్నాలుగు కారణాలూ కంఠతా వచ్చినదాన్ని, నేను నింపిన ఫారాన్ని ఎవరు తిప్పి పంపగలరు?

“అయితే నీ మాట మీద కొంటున్నా,” అంది ఆంటీ. ఆ రాత్రి భోజనాల దగ్గర ముప్పై మంది అమ్మాయిల ముందు, ఆ అయిదొందలు వచ్చిన రోజున అందరికీ బొబ్బట్లు చేస్తానని ప్రకటించింది కూడా. దాంతో నా మాట ముప్పై మంది నోటి దగ్గరికి వెళ్లి కూర్చుంది.

మర్నాడు పొద్దున్న స్నానాలయ్యాక పెట్టె తెరిచే కార్యక్రమం మొదలైంది. కొత్త వస్తువుకి పసుపూ బొట్టూ పెట్టకుండా తాకకూడదని ఆంటీ పట్టుదల. వేలు కుంకుమలో ముంచి, గోధుమరంగు అట్ట మీద పెట్టబోయింది. “అక్కడ కనబడదు ఆంటీ, ఇదిగో, ఈ తెల్లకాగితం మీద పెట్టండి, నిండుగా ఉంటుంది,” అన్నాను. అన్నది నేనే. పెట్టె పట్టుకుని ఆవిడ వేలికి అందేలా తిప్పింది కూడా నేనే. బొట్టు చక్కగా కుదిరింది. అందరం దణ్ణం పెట్టుకుని కొబ్బరి చట్నీ రుబ్బుకున్నాం. తర్వాత ఆ తెల్లకాగితాన్నే, అదే బార్‌కోడ్ చీటీని, స్కేలు పెట్టి మరీ తిన్నగా కత్తిరించాను. బొట్టు కనబడింది. మంచి శకునం అనుకున్నాను. పొద్దస్తమానం ఇతరుల చీటీల మీద కాఫీ చుక్కలు పట్టుకునే నాకు, అది మరక అని ఒక్క క్షణం కూడా తోచలేదు. బొట్టు మరక ఎలా అవుతుంది?

ఫారం నింపి పోస్టు చేశాక ఎనిమిది వారాలూ బొబ్బట్లు ఎప్పుడని అందరూ నన్ను అడుగుతూనే ఉన్నారు. తొమ్మిదో వారం కవరొచ్చింది. ఆంటీ చేతులు తుడుచుకుని వచ్చింది. అమ్మాయిలు మెట్ల మీద కూర్చున్నారు. నేను ఠీవిగా కవరు చించాను. లోపల చెక్కు లేదు. మా చీటీయే తిరిగొచ్చింది, దాంతో ఒక కాగితం. చీటీ మరకపడి ఉన్నందున మీ అభ్యర్థన తిరస్కరించడమైనది అని అందులో ఉంది. కుంకుమ కాస్త చెదిరినా బొట్టు అలాగే ఉంది. దాని చుట్టూ ఎవరో నీలం బాల్‌పెన్నుతో గుండ్రంగా ఒక గీత గీశారు.

ఆ గీతని చూడగానే గుర్తుపట్టాను. అచ్చం నా గీతే. ఎక్కడో ఏదో ఆఫీసులో నాలాంటి పిల్లే, చూపు చురుకైనదే, ఆ సాయంత్రం మెచ్చుకోలు మూటగట్టుకుని ఇంటికి పోయి ఉంటుంది. ఆ పిల్లని నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. తిట్టడానికి ఎదురుగా ఉన్నది నేను ఒక్కదాన్నే. చివరికి ఆంటీకి చీటీ చూపించి, ఆ చోటు చూపించింది నేనేనని కూడా చెప్పి, తలవంచుకున్నాను.

ఆంటీ అయిదొందల ఊసే ఎత్తలేదు. నా మాట పోయిందనీ అనలేదు. చీటీని చేతిలోకి తీసుకుని అడిగింది.

“దీన్ని మరకన్నారా?”

అని వంటింట్లోకి వెళ్లి, చెయ్యి కడుక్కుని, కుంకుమభరిణె తెచ్చి, మిక్సీకి నట్టనడుమ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. “ఇప్పుడు దీన్ని కత్తిరించుకోమను,” అంది. ఆదివారం బొబ్బట్లు చేసింది. నాకు రెండు ఎక్కువ వేసింది, తినలేకపోతున్నానని కసిరింది కూడా.

మర్నాడు ఆఫీసులో నా తెర మీదికి కొవ్వొత్తి మైనం అంటుకున్న చీటీ ఒకటి వచ్చింది. ఒప్పుకుంటున్నట్టు నొక్కేశాను. మధ్యాహ్నం స్కేలన్న వచ్చి నిలబడ్డాడు.

“గిది మరక కనవడ్తలేదా చెల్లె?”

“అది మరక కాదన్నా.”

“మరేంది?”

ఆయన కోప్పడలేదు, పాపం. నా మౌస్ తీసుకుని తనే తొమ్మిది నొక్కి, జర ధ్యానం పెట్టమని చెప్పి వెళ్లిపోయాడు. నేను మరో నాలుగు నెలలు అక్కడే ఉన్నాను, జీతం కావాలి కదా. తిప్పికొట్టిన ఫారాలను బట్టి వేసే నా మార్కులు మాత్రం ప్రతి వారం తగ్గుతూ వచ్చాయి.

ఇప్పుడు చీటీలు ఎవరూ అడగరు. తగ్గింపేదో కొన్నప్పుడే తగ్గిస్తారు, లేదంటే మరో దారిలో మోసం చేస్తారు. అయినా మా ఇంట్లోకి కొత్త పెట్టె వస్తే నేను బొట్టు తీసుకుని నాలుగు పక్కలా తిప్పి చూస్తాను, తెల్లకాగితం లేని చోటు కోసం. ఫ్యాను బాగుచేయడం తెలియని ఆ కంప్యూటరమ్మాయీ, పూచీ పడినప్పటి ఆమె ధీమా గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వు మాత్రం ఎక్కువసేపు ఉండదు. ఆ అమెరికా పెద్దావిడ పేరు నాకు గుర్తు లేదు. ఆవిడ చీటీ మీది జాములో ఒక చిన్న బొటనవేలి గీతలు స్పష్టంగా కనబడేవి. అవి నాకు ఆ రోజు కూడా కనబడ్డాయి.