మెడపట్టి గెంటే మాట

గాజు సీసాల ఫ్యాక్టరీలో ఆ టైపిస్టును అందరూ డిక్షనరీగారు అనేవారు. మనిషిని పనిలోంచి తీసెయ్యడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో, ఆయనకు తెలిసినట్టు ఇంగ్లీషువాళ్ళకైనా తెలుసో లేదో. మేనేజరు తలుపు సందులోంచి తల పెట్టి, "ఫలానావాణ్ణి పంపించెయ్యండి" అనేవాడు. అంతే. ఏ మాటతో పంపాలన్నది టైపిస్టు ఇష్టం. పోయేవాడు ఆ ఉత్తరమే చేతపట్టుకుని పోవాలి. ఊళ్ళో ఇంకో ఐదు గాజు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడి గేటు గుమాస్తాలు ముందు ఉత్తరంలో ఏ మాట ఉందో చూస్తారు, ఆ తరవాతే మనిషి మొహం.

మధ్యాహ్నం డబ్బాలు విప్పేవేళ కుర్రాళ్ళు ఆయన చుట్టూ చేరేవారు.

"డిస్మిస్ అంటే మెడపట్టి గెంటడం. డిశ్చార్జ్ అంటే చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టడం. రిలీవ్ అంటే, పాపం అలిసిపోయావు, ఆ బరువు ఇలా దించు నాయనా అనడం."

"టెర్మినేట్ ఏంటి సార్?"

"ఆఖరి స్టాపొచ్చింది, బస్సు దిగమనడం."

"బ్యానిష్?"

"అది రాజుల పని. ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలంటే ముందు ఊరు తనదై ఉండాలి. మన మేనేజరుకున్నది ఓ ఫ్యానూ రెండు కుర్చీలూను."

"మరి మా ఆవిడ నన్ను రోజూ చేసేది?"

"ఎవిక్ట్. దానికి ముందు నోటీసివ్వాలి. ఇస్తోందా?"

"చీపురు చూపిస్తోంది సార్."

"అదేరా నోటీసు."

ఒకసారి ఓ వాచ్‌మన్‌కి ఎంత మెత్తగా రాశాడంటే, వాడు దాన్ని ప్రమోషన్ అనుకుని మిఠాయి పంచాడు. మర్నాడు ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నీ ఉద్యోగం పోయిందిరా అని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. పదకొండు రోజులు వాడు సెల్యూట్ కొడుతూనే ఉన్నాడు, మేనేజరు తల ఊపుతూనే ఉన్నాడు. పదకొండు అన్నది టైపిస్టు లెక్క. చెప్పిన ప్రతిసారీ ఓ రోజు పెరిగేది. మిఠాయి మాత్రం తిన్నవాళ్ళున్నారు.

టైపిస్టుకు ఈ మాటలన్నీ బావ పెట్టిన భిక్షే. తల్లీతండ్రీ పోయాక అక్క కాపురానికి వెళ్తూ ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. బావ కొలిమి దగ్గర పనివాడు. రాత్రంతా నిప్పు ముందు నిలబడి, తెల్లారి ఇంటికొచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా బావమరిదిని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నాలుగు మైళ్ళు తొక్కి కాన్వెంటు గేటు దగ్గర దింపేవాడు. "ఆ దొరసానులు ఏం చెప్తే అది మింగెయ్యిరా. అర్థం తరవాత అరుగుతుంది" అనేవాడు. తనకు మాత్రం ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు.

అలాంటి బావ, ఇంకో నాలుగేళ్ళలో రిటైరయ్యేవాడు, సూపర్‌వైజరు కాలరు పట్టుకున్నాడు. కొలిమి గోడ చీలింది, మంట తగ్గించాలి అని బావ అంటే, పెంచు ముసలోడా అని సూపర్‌వైజరు అమ్మనాబూతులు తిట్టాడు. బావ అతన్ని ఎత్తి గది బయట నిలబెట్టి, తలుపు గడియ వేసి, మంట తగ్గించుకున్నాడు. గోడ నిలిచింది. బావ నిలవలేదు.

"పంపించెయ్యండి" అన్నాడు కొత్త మేనేజరు, తలుపు సందులోంచి. వెళ్ళబోతూ ఆగాడు. "మీ బావటగా? హెడ్‌క్లర్కు కుర్చీకి మీ పేరే అనుకుంటున్నాం. చూద్దాం."

ఆ సాయంత్రం అక్క వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"తమ్ముడూ, ఆయన్ని ఉంచమని అడగను. ఆ మెత్తని మాట రాయి. ఇంకో గేటులో దూరతారు. నిప్పు దగ్గర తప్ప ఆయన ఎక్కడా బతకలేరు, నీకు తెలుసుగా."

"నా చేతిలో పనే కదక్కా. నువ్వు నిశ్చింతగా పో."

మర్నాడు మిషన్‌లో కాగితం ఎక్కించి 'రిలీవ్' అని కొట్టాడు. 'చూద్దాం' చెవిలో మోగింది. దేన్ని చూస్తాడు? ఈ కాగితాన్నేగా? కాగితం లాగి చింపేశాడు. ఇంకోటి ఎక్కించి, 'డిస్మిస్' కొట్టాడు. ఏడక్షరాలు, ఇరవయ్యేళ్ళ అలవాటున్న వేళ్ళు, తప్పు పడలేదు.

మేనేజరు ఫోనులో ఎవరితోనో నవ్వుతూ, కాగితం వంక చూడకుండానే సంతకం గీకేశాడు.

మొదటి ఫ్యాక్టరీ గుమాస్తా ఆ ఉత్తరాన్ని కాలినట్టు వేలికొసలతో పట్టుకుని వెనక్కిచ్చాడు. రెండోవాడు పైకి చదివి పక్కవాడికి చూపించాడు. ఐదో గేటుకొచ్చేసరికి, ఉత్తరం తీయకముందే, "నువ్వేనా ఆ డిస్మిస్?" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు కరిగిన గాజు రంగు చూసి వేడి చెప్పిన మనిషి, చివరికి సైకిల్ స్టాండులో చీటీలు చింపే పనికి కుదిరాడు.

హెడ్‌క్లర్కు కుర్చీ రెండు నెలలకు నిండింది. బయటినుంచి ఎవరో వచ్చి కూర్చున్నాడు. ఎందుకలా అని అకౌంటెంటు అడగడం, మేనేజరు చెప్పడం, అదే తలుపు సందులోంచి టైపిస్టుకు వినబడింది.

"సొంత బావకే ఆ మాట రాశాడని ఊళ్ళో గేట్లన్నీ చెప్పుకుంటున్నాయి. అలాంటివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమంటావా? రేపు నాకేం రాస్తాడో!"

ఆ వారమే టైపిస్టు పాత తేదీ వేసి ఇంకో ఉత్తరం కొట్టాడు. రిలీవ్. చక్కగా పనిచేశాడు, ఎక్కడైనా రాణిస్తాడు అని నాలుగు మంచి మాటలు చేర్చి, సంతకాల దొంతరలో దోపాడు. సంతకం అయి వచ్చింది. అది పట్టుకుని ఆదివారం పొద్దున్న అక్కింటికి వెళ్ళాడు. అక్క తలుపు తీసింది గాని, రమ్మనలేదు. బావ స్టూలు మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు.

"చదివి వినిపించరా. నాకెక్కడ వస్తుంది?"

చదివాడు. ఒక్కో ముక్కకీ తెలుగు చెప్పాడు.

"బాగుంది" అన్నాడు బావ. "మేనేజరు మనసు మార్చుకున్నాడా?"

"లేదు బావా. కాగితాల మధ్యలో పెట్టాను. ఆయన చూడడు."

"ఎప్పుడూ చూడడా?"

"చూడడు."

బావ సూది పక్కన పెట్టాడు. "మరి ఆ మొదటిది కొట్టినప్పుడు?"

టైపిస్టు ఉత్తరాన్ని బావ చేతిలో పెట్టాడు.

బావ కోప్పడలేదు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, లేచి వంగి, స్టూలు పొట్టికాలి కింద దోపి, కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాడు. "ఎన్నాళ్ళనించో ఊగుతోందిది" అన్నాడు.

టైపిస్టు వెనక్కి తిరిగేసరికి, విడిచిన చెప్పుల్ని అక్క తీసి, వీధి వైపు తిప్పి, జత కలిపి పెట్టి ఉంచింది. కాన్వెంటుకు వెళ్ళే రోజుల్లో పొద్దున్నే అలాగే పెట్టేది. అందులో కాళ్ళు పెట్టి బయటికి నడిచాడు. వెనక గడియ పడిన చప్పుడు వినబడింది.