రాసే చెయ్యి

బజారులో షాపుల షట్టర్ల మీద బొమ్మలన్నీ పెయింటరు ఎడంచేత్తో వేసినవే. చిన్నప్పుడు బళ్లో బెత్తం దెబ్బలకు పెన్ను కుడిచేతికి మారింది గానీ కుంచె మారలేదు. కిడ్నీలు పాడయ్యాక డాక్టరు, "ఏ చేత్తో రాస్తారు?" అని అడిగితే, "కుడిచేత్తో" అన్నాడు. డయాలసిస్ సూదుల కోసం రెండో చేతికి ఆపరేషన్ చేశారు. ఆ చేతివేళ్లు చల్లబడి మొద్దుబారిపోయాయి.

"బొమ్మలేసే చెయ్యి అదని చెప్పొద్దూ?" అంటుంది భార్య.

"అడిగినదానికి చెప్పాను" అంటాడు గోడకేసి తిరిగి.

ఇప్పుడు డయాలసిస్ మెషీను పక్కన పడుకుని, అది నడిచే నాలుగు గంటలూ కుడిచేత్తో ఆమె ముఖమే గీస్తాడు. ముక్కు పక్కకు పోతుంది, కళ్లు ఎగుడుదిగుడవుతాయి. అయినా అలవాటు కొద్దీ సంతకం పెట్టి, ఒళ్లు మండి కాగితం నలిపేస్తాడు. అతను కునుకు తీశాక ఆమె ఆ ఉండలన్నీ విప్పి చూస్తుంది. ఒక్క బొమ్మా కుదరలేదు. కింద సంతకం మాత్రం ప్రతి కాగితం మీదా ముత్యాల్లా ఉంది.