ఏనుగు బండ కింద భోజనం

పెద్ద డ్రైవరు జన్మలో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకటి మాత్రం ఏనుగంత ఉంది. ఆ మాటకొస్తే అది ఏనుగే. ఉప్పు మైదానం నడిమధ్యన, కూర్చున్న ఏనుగులా ఉండే ఓ పెద్ద బండరాయి. దాని నీడలో పదిమంది కాళ్ళు చాపుకుని భోంచేయవచ్చు. దానికున్న లోపం ఒక్కటే, అది లేదు.

ఇంత నెమ్మదైన మనిషి అంత పెద్ద అబద్ధం ఎందుకాడాడో తెలియాలంటే వాళ్ళావిడ సంగతి ముందు చెప్పుకోవాలి. కొండలెక్కి, చలి ఎడారులు దాటి, ఆ పైనున్న ఉప్పు మైదానం చూసి రావాలని ముచ్చటపడే వాళ్ళని జీపుల్లో తీసుకెళ్ళే చిన్న కంపెనీ ఒకటుంది. ముందు ఒక గది ఆఫీసు, వెనకాల రేకుల షెడ్డు, పక్కన టైర్ల కొట్టు. ఆ ఆఫీసులో టూర్లు ప్లాను చేసేది ఆవిడే. డ్రైవర్లు ఎదురుగా 'వదినా' అంటారు, చాటుగా 'హెడ్డాఫీసు' అంటారు. ఎక్కడ డీజిలు పోయించుకోవాలి, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటే తలనొప్పి రాదు, ఏ వాగుని పొద్దున్నే దాటకపోతే మంచు కరిగి పొంగుతుంది, అన్నీ ఆవిడకి కొట్టినపిండి. కానీ ఆ దారిన ఆవిడ ఏనాడూ పోలేదు. జీపెక్కితే మూడో మలుపుకల్లా వాంతి. నిమ్మకాయ వాసన చూసింది, మాత్రలు మింగింది, ముందు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. ఏం చేసినా మూడో మలుపు ఆవిడని దాటనివ్వలేదు. ఆఖరికి ఓసారి అక్కడే దిగిపోయి, జీపుని పొమ్మని, చెంగుతో మూతి తుడుచుకుంటూ నడిచి ఇంటికొచ్చింది.

అందుకని ఆవిడ ఓ పద్ధతి పెట్టుకుంది. షెడ్డులో సిమెంటు నేల మీద సుద్దముక్కతో దారంతా గీసింది. కనుమలు, వాగులు, మకాములు, అన్నీ. టూరు నుంచి తిరిగొచ్చిన డ్రైవరు చెప్పులు విప్పి ఆ గీత మీద మొదటి నుంచి చివరిదాకా నడుస్తూ, ఎక్కడేం చూశాడో చెప్పాలి. "ఇక్కడ రోడ్డు కోసుకుపోయింది వదినా," అంటే అక్కడ చెరిపి కొత్త గీత గీసేది. కొత్త టూరు బయలుదేరేముందు కూడా అంతే. దారి నేల మీద ఒప్పజెప్పనిదే బండి తాళం చేతికొచ్చేది కాదు.

పెళ్ళైన కొత్తలో పెద్ద డ్రైవరు మొదటిసారి ఉప్పు మైదానం దాటొచ్చి, ఆ గీత మీద నడుస్తూ మైదానం దగ్గరికొచ్చి ఆగాడు. అక్కడ నేలంతా ఖాళీ.

"ఇక్కడేముంది?" అందావిడ, సుద్దముక్క పట్టుకుని.

"ఏమీ లేదు."

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపానన్నారు కదండీ. అంతసేపూ ఏమీ లేదా?"

"ఏమీ లేదే. తెల్లగా ఉంటుంది."

ఆవిడ మొహం చిన్నబోయింది. వెళ్ళలేకపోతున్నానన్న దిగులు ఎప్పుడూ పైకి చెప్పలేదు గానీ, ఆ క్షణంలో అది మొహంలోనే కనబడిపోయింది. పెద్ద డ్రైవరు బండిని ఎంత రాళ్ళ దారినైనా నడిపిస్తాడు గానీ, మాటని నాలుగడుగులు నడిపించలేడు. ఆ మైదానంలో తను చూసింది ఏమిటో, చూసి బండాపి ఎందుకు అలా నిలబడిపోయాడో చెప్పడానికి నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు.

"ఒక బండ ఉంది," అన్నాడు.

"ఎలా ఉంటుంది?"

"కూర్చున్న ఏనుగులా."

ఆవిడ మొహం వెలిగిపోయింది. వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఖాళీ నడుమ ఏనుగుని గీసింది, తొండంతో సహా.

అక్కడితో పోతే బాగానే ఉండేది. కానీ తర్వాతి టూరు ప్లానులో ఆవిడ, "మూడోనాడు మధ్యాహ్నం ఏనుగు బండ నీడలో భోజనం," అని తేల్చింది. పెద్ద డ్రైవరు గుట్టుచప్పుడు కాకుండా ఓ టార్పాలిన్, నాలుగు ఇనప పైపులు కొని స్టెప్నీ కింద దాచాడు. నీడ పుట్టించాలిగా మరి! తోటి డ్రైవర్ల చేత ఒట్టు వేయించుకున్నాడు. వాళ్ళేమో ఒట్టు నిలబెట్టుకోవడంతో ఆగక, సొంత తెలివి కూడా కలిపారు. వంట డ్రైవరు, అంటే సామాన్ల జీపు నడుపుతూ వంట కూడా చేసేవాడు, బండ మీద గద్ద గూడు పెట్టిందన్నాడు. బక్క డ్రైవరు ఎడమ చెవి దగ్గర బీట వారిందన్నాడు. హెడ్డాఫీసు గూడు గీసింది, బీట గీసింది.

"నా ఏనుగు చెవి కోయడానికి నువ్వెవడివిరా!" అని పెద్ద డ్రైవరు బక్క డ్రైవరుని టైర్ల కొట్టు వెనక్కి లాక్కెళ్ళి తిట్టాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఏనుగు మాత్రం బలిసింది.

ఇలా ఉండగా టైర్ల కొట్టతను ఓ రోజు మాటల్లో, "స్టీరింగు పట్టుకున్నవాళ్ళకి వాంతులు రావమ్మా," అన్నాడు. హెడ్డాఫీసు ఆ మాట చెవిన వేసుకుంది. పొద్దున్నే నడకకి వెళుతున్నానని చెప్పి డ్రైవింగు స్కూలుకి పోవడం మొదలుపెట్టింది. రెండు గోడల్ని, ఒక గేటుని గీరాక లైసెన్సు చేతికొచ్చింది. ఆపైన కొన్ని నెలలు సామాన్లు తేవాలన్న వంకతో కంపెనీ జీపుని ఊరి చుట్టూ ఉన్న మట్టిరోడ్లన్నిటి మీదా తిప్పి తెచ్చింది. మొగుడు మురిసిపోయాడు గానీ, ఈ మురిపెం ఎక్కడ తేలుతుందో ఊహించలేదు.

రిటైరైన టీచర్లు ఓ ఎనిమిది మంది అప్పుడే ఉప్పు మైదానానికి టూరు అడిగారు. అంతా సిద్ధమయ్యాక బక్క డ్రైవరు నిచ్చెన మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

"మధ్య బండి నేను నడుపుతా," అంది హెడ్డాఫీసు.

షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద డ్రైవరు కూడా కొట్టాడు. కొడుతూ కొడుతూ ఉండగానే ఏనుగు గుర్తొచ్చి ఆగిపోయాడు. వంట డ్రైవరు, బక్క డ్రైవరు మొహమొహాలు చూసుకుని తలలు దించుకున్నారు.

మర్నాడు నేల మీద దారి ఒప్పజెప్పేటప్పుడు పెద్ద డ్రైవరు మైదానం అంచున ఆగాడు.

"ఈసారి నడిమధ్యకి వద్దు. అంచు పట్టుకుని పోదాం."

"అంచున ఉప్పు పొర పలచన, కింద బురద ఉంటుంది, నడిమధ్యనే గట్టి అని మీరే కదండీ చెప్పారు?"

"అంటే... ఈ ఏడు వానలెక్కువట. మధ్యలో నీళ్ళు నిలిచి ఉంటాయేమో."

"ఎక్కడి నీళ్ళన్నా! పోయినవారమే చూసొచ్చా, ఎండి గలగలలాడుతుంటేనూ!" అన్నాడు వంట డ్రైవరు హుషారుగా. అన్న తర్వాత పెద్ద డ్రైవరు కళ్ళు చూసి, దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి పోయాడు.

ఆ సాయంత్రం టైర్ల కొట్టు వెనక సమావేశం జరిగింది. పిడుగు పడి పగిలిందని చెప్పమన్నాడు బక్క డ్రైవరు. పగిలితే ముక్కలుండాలి కదా అన్నాడు పెద్ద డ్రైవరు. ముందుగా పోయి టార్పాలిన్‌తో ఏనుగుని కడదామన్నాడు వంట డ్రైవరు. తొండానికి పైపు సరిపోతుందట.

"ఇదేం కాదుగానీ, వదినకి ఉన్నమాట చెప్పెయ్ అన్నా," అన్నాడు బక్క డ్రైవరు. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం."

చెప్పేద్దామనే పెద్ద డ్రైవరు ఇంటికొచ్చాడు. అతని భయం తిట్లకి కాదు. తిట్లు ఎప్పుడూ తినేవే. తన కళ్ళతో చూడలేని లోకాన్ని ఆవిడ ఇన్నేళ్ళూ అతని మాట మీద కట్టుకుంది. ఒక్క రాయి లేదని తేలితే, మిగతాదంతా ఉందని ఎలా నమ్ముతుంది? అతనికి నిజంగా భయమేసింది. టీ గ్లాసు పట్టుకుని, "నీతో ఓ మాట," అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అవతల లెక్కల టీచరమ్మ. ఎండ పొడ తమలో ఒకరి కళ్ళకి పడదని, తినేచోట నీడ తప్పకుండా ఉంటుందా అని అడుగుతోంది.

"మీకా బెంగే వద్దండీ. మా ఆయన ఎన్నిసార్లు కూర్చున్న నీడో! ఆయన మాటంటే రాతి మీద గీతే," అంది హెడ్డాఫీసు.

పెద్ద డ్రైవరు టీ గుటుక్కున మింగి నాలుక కాల్చుకున్నాడు. ఆ మాట ఇక బయటికి రాలేదు.

బయలుదేరిన రోజు అతని బండి ముందు, ఆవిడది మధ్యన, సామాన్ల జీపు వెనక. మూడు జీపుల్లోనూ వైర్‌లెస్ సెట్లున్నాయి. ఒకరన్నది అందరికీ వినబడుతుంది. మొదటి మలుపు, రెండో మలుపు... పెద్ద డ్రైవరు రోడ్డు కంటే అద్దాన్నే ఎక్కువ చూశాడు. మూడో మలుపు తిరిగాక సెట్టులో ఏ చప్పుడూ లేదు.

"దాటేశానండీ!" అని ఒక్కసారిగా కేక. "ఏమీ కాలేదు! కడుపు కడుపులాగే ఉంది!"

వెనక టీచర్లంతా ఈలలు వేశారు. పెద్ద డ్రైవరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏనుగు సంగతే మర్చిపోయి నవ్వుకున్నాడు.

ఆ తర్వాత దారంతా ఆవిడదే రాజ్యం. కనుమ ఎక్కుతుంటే గాలి పలచబడి బండ్లు ఆయాసపడ్డాయి. "ఇక్కడ రెండో గేరే," అని ఆవిడే ముందు చెప్పేది. మకాంలో టీచర్ల చేత పట్టుబట్టి నీళ్ళు తాగించి, ఆ ఎత్తుకి ఆయాసం రాకుండా మెల్లగా నడిపించి, తొందరగా పడుకోబెట్టింది. గడ్డిపరక మొలవని బూడిదరంగు ఎడారిలో, చెప్పినచోట చెప్పినట్టు వాగు వచ్చింది, చెప్పినచోట గొర్రెల దొడ్డి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ సెట్టులో, "ఉంది! అచ్చం మీరు చెప్పినట్టే ఉంది!" అని ఆవిడ కేక. ఆ కేక వినబడ్డప్పుడల్లా పెద్ద డ్రైవరు కుక్కిన పేనులా అయిపోయేవాడు.

మూడోనాడు మైదానం అంచున పట్టు కోసం టైర్లలో గాలి కొంత తీసి, అందరూ నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు. బండ్లు ఉప్పు మీదికి దిగాయి.

"బండ ఎంత దూరమండీ?" అంది సెట్టు కాసేపటికి.

"ఇంకా ఉంది."

మరి కాసేపు. "ఇంకా కనబడదేం?"

"వస్తుంది."

"అంత పెద్దది, ఇంత చదునులో ఈపాటికి కనబడాలే!" అన్నది ఎవరో టీచరు గొంతు. వంట డ్రైవరు సెట్టులో దగ్గాడు. ఇక లాభం లేదనుకుని పెద్ద డ్రైవరు బండాపాడు. దిగి, ఉప్పు కరకరలాడుతుంటే మధ్య జీపు దగ్గరికి నడిచాడు.

ఆవిడ అప్పటికే దిగింది.

"బండ లేదు," అన్నాడు. "ఎప్పుడూ లేదు. నేనే పుట్టించా."

టీచర్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. అటు సామాన్ల జీపు దగ్గర వంట డ్రైవరు, ఏమైతే అదవుతుందని, టార్పాలిన్ దించి పైపులు పాతుతున్నాడు. ఎండకి వెలిసి, అతుకుల మీద అతుకులు పడ్డ ఆ టార్పాలిన్‌ని ఆవిడ చాలాసేపు చూసింది.

"అయితే ఆ గద్ద?"

"అది వాడి పని."

"చెవి మీద బీట?"

"అది బక్కాడిది."

"ఇన్నేళ్ళూ అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట!" అందావిడ. "ఇంకేమేం లేవో చెప్పండి. వాగుందా? కనుమ ఉందా?"

"అవన్నీ నువ్వే నడిపి దాటొచ్చావు కదే," అన్నాడు పెద్ద డ్రైవరు దీనంగా. "ఇదొక్కటే. ఏమీ లేదన్నానని ఆవేళ నీ మొహం అలా అయిపోయింది. ఉన్నదేమిటో చెప్పడం నాకు చేతకాలేదు."

ఆవిడ అతన్ని దాటుకుని నాలుగడుగులు ముందుకి వేసింది. నల్లకళ్ళద్దాలు తీసింది. కాళ్ళ కింద నుంచి కనుచూపు ఆనేదాకా ఒకటే తెలుపు. ఆ తెలుపు ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గాలి కూడా లేదు. వెనక పైపు మీద సుత్తి దెబ్బ పడితే, ఆ చప్పుడు ఎటూ తగలకుండా పోయింది. ఆవిడ ఓ చుట్టు పూర్తిగా తిరిగి చూసింది. మళ్ళీ తిరిగింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

ఈలోగా లెక్కల టీచరమ్మ దిగి వచ్చి పక్కన నిలబడింది.

"బండ లేకపోతే పోయిందిలే అమ్మా. మరి ఇకమీదట మాలాంటివాళ్ళు అడిగితే ఇక్కడేముందని చెబుతావు?"

హెడ్డాఫీసు నోరు తెరిచింది. ఎదురుగా చూసింది, పైకి చూసింది, మళ్ళీ నోరు తెరిచింది. తల అడ్డంగా ఊపింది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడతను.

"ఏనుగే నయమండీ," అంది.